సినిమాల గురించి రాయబోతున్న మేనల్లుడికి

చిరంజీవి బుజ్జికి,
అత్తయ్య ఆశీస్సులు.

చూసిన సినిమాల మీద వారం వారం నీ అభిప్రాయాలు రాయబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మురిసిపోయాను. పత్రికలో ప్రూఫులు దిద్దీ దిద్దీ నా చూపు తగ్గింది ఆ సినిమా పేజీల వల్లే కదా! అంతలోనే, నువ్వు సినిమాలను ఒకటిన్నర రెట్ల వేగంతో చూస్తావని కూడా చెప్పింది. సగం మురిపెం అక్కడే దిగిపోయింది. అంత తొందరగా ఎక్కడికి పోవాలిరా?

మొదటి నుంచి చివరిదాకా చూడు. పేర్లు సరిచూసుకో. కథంతా చెప్పేయకు. ఇవి నీకు తెలియనివి కావు.

మా పత్రికలో సినిమా పేజీ చూసే పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. సంగీతం తెలిసినవారు, బాగా చదువుకున్నవారు. విజయవాడ గాంధీనగర్‌లో పంపిణీదారుల ఆఫీసులన్నీ ఆయనకు కొట్టిన పిండి. ఒక పెద్ద హీరో సినిమాకు మొదటి రోజు మొదటి ఆటకు వెళ్ళారు. తెర ముందు కొబ్బరికాయలు, హారతులు, ఎగిరే కాగితపు ముక్కలు, చెవులు చిల్లులు పడే ఈలలు. ఆ వేడి చల్లారకముందే ఆఫీసుకొచ్చి రాసేశారు. ప్రూఫు నా బల్ల మీదికి వచ్చింది. మాటలు తూటాల్లా పేలాయట. మచ్చుకు ఒక్క మాటైనా రాయలేదేమని అడిగాను. "ఆ గోలలో వినపడితే కదమ్మా!" అని నవ్వేశారు. అలాగే అచ్చయింది. సోమవారానికి హాలు ఖాళీ. టికెట్టు డబ్బులు మీరే ఇవ్వండంటూ పాఠకుల ఉత్తరాలు.

అదే మనిషి 1980లో 'శంకరాభరణం' చూసి వచ్చి, జనం లేరని నాలుగు ముక్కలతో సరిపెట్టారు. మొదట్లో పలుచగా ఉన్న ఆ హాళ్ళు నోటిమాటతోనే నిండాయి. సంగీతం తెలిసిన మనిషే! ఆయన చెవి పాట మీద లేదు, కుర్చీల మీద ఉంది. నాకు ఇప్పటికీ బాధే.

నీ కాలంలో ఆ ఈలలు సినిమా మొదలుకాకముందే ఫోనులోకి వచ్చేస్తాయి. చుక్కలు, అంకెలు, వసూళ్ళ లెక్కలు. రాయడం పూర్తయ్యేదాకా వాటి మొహం చూడకు.

అలాగని పక్కవాళ్ళను పట్టించుకోవద్దనను. 2023లో 'బలగం' వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో తెరలు కట్టి ఊరంతా కూర్చుని చూశారు, ఏడ్చారు. అది రాయాల్సిన సంగతే. కానీ ఊరు ఏడ్చిందని రాసి ఊరుకోకు. నిన్ను పట్టుకున్నది ఏదో చెప్పు. నన్నైతే నల్లిబొక్క, అంటే మాంసంలో వచ్చే మూలుగ ఎముక, పట్టుకుంది. పెట్టలేదని ఆ ఇంటి అల్లుడు ఏళ్ళ తరబడి అత్తవారింటికి దూరమవుతాడే, అది. హాల్లో అందరూ నవ్వారు. మన ఇంట్లో పెళ్ళి భోజనాల దగ్గర వడ్డన ఆలస్యమైందని మీ తాతయ్య తమ్ముడు లేచి వెళ్ళిపోయి, మళ్ళీ మా నాన్న పోయినప్పుడే గడప తొక్కాడు. నాకు నవ్వెలా వస్తుంది? నువ్వు రాయాల్సింది అలాంటిది. అది ఇంకెవరూ రాయలేరు.

తిట్టేటప్పుడు మాత్రం 'సాగర సంగమం' గుర్తుంచుకో. కమల్ హాసన్ వేసిన బాలు నాట్యవిమర్శకుడు. ఒక నర్తకిని తప్పుపట్టి రాస్తే ఆమె వచ్చి నిలదీస్తుంది. అతను వాదించడు, అదే పాటకు వేర్వేరు నాట్యరీతుల్లో ఆడి చూపిస్తాడు. నిన్ను ఆడమనను, నీ నడుము సంగతి నాకు తెలుసు. "బాగోలేదు" అన్న చోట ఏ సన్నివేశంలో, ఎందుకో రాయి.

ఇక నా అసలు భయం. అభిమానులు తిడతారు. మీ అమ్మను, నన్ను కూడా కలిపి తిడతారు. జవాబివ్వకు. ఆ తిట్లు మీ అమ్మ కంటపడనివ్వకు, ఆమెకు రక్తపోటు. రాత్రి రెండో ఆటకు ఒంటరిగా బండి మీద వెళ్ళకు. పొద్దుటి ఆటకు వెళ్ళు, టిఫిన్ తిని వెళ్ళు.

మొదటిది రాయగానే నాకు పంపు. కళ్ళజోడు మార్పించాను, అచ్చుతప్పులు ఇంకా పట్టగలను.

ఇట్లు,
మీ అత్తయ్య