దారంతో కొలిచిన ఆకాశం

ప్రశ్న: మాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురం. అక్కను కలహండి వైపు ఇచ్చాం. మా విమానాశ్రయం నుంచి వాళ్ల ఉత్కెలకు నేరుగా ఎగిరితే ఎంత దూరం, ఎంతసేపు? పావుగంట చాలంటారు మా బావగారు.
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: బడిలో భూగోళం చెప్పిన అలవాటు పోలేదు; అట్లాసు మీద దారం పరిచాకే కలం పట్టాను. జయపురం సుమారు 18.9 డిగ్రీల ఉత్తర అక్షాంశం, ఉత్కెల 20.1. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున ఉత్తరానికి దాదాపు 135, తూర్పుకు మరో 65. రెండూ కూడి 200 అనేయకండి, నా విద్యార్థులు ఏటా చేసిన తప్పే అది. కర్ణం తీయాలి: సుమారు 150 కిలోమీటర్లు.

జయపురానికి 2022లో, ఉత్కెలకు 2023లో భువనేశ్వర్ నుంచి మొదలైనవి తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ విమానాలు. వాటి గరిష్ఠ వేగం గంటకు సుమారు 340 కిలోమీటర్లు. గాలిలో అరగంట, పైకి లేవడం, దిగడం కలిపితే 40 నిమిషాలు. బావగారు పెద్ద జెట్ వేగం వేసుకున్నట్టున్నారు. అయినా ఆయన్ను మరీ ఆటపట్టించకండి, ఆ 40 నిమిషాల్లో మీ బస్సు నవరంగపురమైనా చేరదు.