పీపీపీ లోన్ దానంతటదే మాఫీ కాదు

ప్రశ్న: న్యూజెర్సీలో ట్యూషన్ సెంటర్ నడుపుతున్నాను. 2021 ఫిబ్రవరిలో 42,000 డాలర్ల పీపీపీ లోన్ (కోవిడ్ టైంలో సిబ్బంది జీతాల కోసం అమెరికా ప్రభుత్వం బ్యాంకుల ద్వారా ఇప్పించిన అప్పు) తీసుకున్నాను, అంతకుముందు ఏడాది ఈఐడీఎల్ (కోవిడ్ నష్టాలకి ప్రభుత్వమే నేరుగా ఇచ్చిన అప్పు) కూడా వచ్చింది. లక్షన్నర డాలర్ల లోపు లోన్లు వాటంతటవే మాఫీ అయిపోతాయని తెలిసినవాళ్లు అంటున్నారు. నా దగ్గర అద్దె రసీదులు కొన్ని లేవు, మధ్యలో ఒక టీచర్ మానేసింది కూడా. ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు (2021 నాటి నిబంధనల ప్రకారం): ముందు ఆ తెలిసినవాళ్ల మాట పక్కన పెట్టేయండి. అలాంటి ప్రతిపాదనలు వచ్చిన మాట నిజమే కానీ చట్టం కాలేదు. మీరు అప్లై చేస్తేనే మాఫీ, లేకపోతే అది 1 శాతం వడ్డీతో 5 ఏళ్లలో తీర్చాల్సిన మామూలు అప్పు.

రసీదుల గురించి అంత కంగారు అక్కర్లేదు. లోన్ ఇచ్చిందే రెండున్నర నెలల జీతాల లెక్కన కదా, ఖర్చు చూపించడానికేమో 8 నుంచి 24 వారాల మధ్య మీకు నచ్చిన గడువు ఎంచుకోవచ్చు, కాబట్టి 24 వారాలు పెట్టుకుంటే చాలామందికి అద్దె జోలికి పోకుండా జీతాలతోనే మొత్తం సరిపోతుంది. కనీసం 60 శాతం జీతాలకే వెళ్లాలి. జీతాలు 21,000 మాత్రమే తేలితే, మిగతా ఖర్చులు ఎన్ని చూపించినా 35,000కి మించి మాఫీ రాదు. ఇంకోటి, ట్యూషన్ సెంటర్లలో తరచూ జరిగేదే: 1099 మీద, అంటే ఉద్యోగులుగా కాకుండా కాంట్రాక్టు మీద పనిచేసిన టీచర్లకి ఇచ్చిన డబ్బు మీ జీతాల లెక్కలోకి రాదు, వాళ్లని కలపకండి. టీచర్ మానేసిన సంగతికి భయం లేదు, సిబ్బంది తగ్గితే మాఫీలో పెట్టే కోత 50 వేల లోపు లోన్లకి వర్తించదు.

మాఫీకి అప్లై చేయడానికి మీకు సరిపోయేది ఫారం 3508ఎస్. మీ బ్యాంకు ఒప్పుకుని ఉంటే 2021 ఆగస్టు 4న చిన్న వ్యాపారాల ప్రభుత్వ సంస్థ అయిన ఎస్‌బీఏ తెరిచిన పోర్టల్‌లో నేరుగా పెట్టొచ్చు, లేదంటే బ్యాంకు ద్వారానే. దాంతోపాటు జీతాల కాగితాలు పంపనక్కర్లేదు కానీ పారేయకండి, 4 ఏళ్లు దాచాలి, అడిగితే చూపించాల్సింది మీరే. ఎంచుకున్న గడువు ముగిసిన 10 నెలల్లోపు అప్లై చేస్తే నిర్ణయం వచ్చేదాకా వాయిదాలు కట్టక్కర్లేదు. దాటితే బ్యాంకు వాయిదాలు మొదలుపెడుతుంది. అయినా అప్లై చేసే దారి మూసుకుపోదు, కానీ ఈలోగా చేతి డబ్బు పోతుంటుంది, ఎందుకొచ్చిన గొడవ.

ఈఐడీఎల్ సంగతి వేరు. 3.75 శాతం వడ్డీ, 30 ఏళ్ల గడువు, దానికి మాఫీ లేదు. దాంతోపాటు అడ్వాన్స్ ఏమైనా అందితే అది గ్రాంటు, తిరిగి ఇవ్వక్కర్లేదు, పీపీపీ మాఫీలోంచి కోసుకోరు కూడా.