మొదటి వారం హాల్లో ఎవరున్నారు?

అమ్మాయికి ఆశీస్సులు,

ఎనభైల మొదట్లో వచ్చిన తెలుగు సినిమాల మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. 'శంకరాభరణం విడుదలైన రోజే ప్రభంజనం సృష్టించింది' అన్న చోట రెండుసార్లూ ఆగిపోయాను. ఎవరు చెప్పారమ్మా నీకు? 1980 ఫిబ్రవరి 2న ఆ సినిమా వచ్చినప్పుడు హాళ్ళు పలచగా ఉన్నాయి. కథానాయకుడు వయసు మళ్ళిన సంగీత విద్వాంసుడు. ఆ వేషం వేసిన జె.వి. సోమయాజులు డిప్యూటీ కలెక్టర్. సినిమా కొనడానికే పంపిణీదారులు వెనకాడారు. చూసినవాళ్ళు ఇంటికెళ్ళి చెప్పారు, విన్నవాళ్ళు పిల్లాజెల్లాతో కదిలారు. తర్వాత నాలుగు జాతీయ అవార్డులొచ్చాయి. నువ్వు ఆ అవార్డులు చూసి, మొదటిరోజు హాల్లో జనాన్ని నింపేశావు.

నాకు పడనిది ఇదే. తర్వాత ఏం జరగబోతుందో ముందే తెలిసినవాళ్ళలా మొదటి ఆట గురించి రాయడం.

'బొబ్బిలి పులి విజయంతో ఎన్టీఆర్ రాజకీయాల్లోకి వచ్చారు' అన్నావు. ఆయన పార్టీ ప్రకటించింది 1982 మార్చి 29న, ఇదే హైదరాబాద్‌లో. సినిమా సెన్సారు తగాదాలు దాటుకుని జూలైలో వచ్చింది. కోర్టు సీనులో ఆయన గొంతెత్తితే జనం చూసింది హీరోను మాత్రమే కాదు, రేపు తమ ఓటు అడగబోయే మనిషిని. 1983 జనవరి 9న ఎల్బీ స్టేడియంలో ప్రమాణ స్వీకారం చేశారు. వరుస తారుమారు చేసి ఆ హాల్లో కరెంటు తీసేశావు.

'ఖైదీతో మెగాస్టార్ పుట్టాడు' అనేది కూడా అంతే. 1978 నుంచి విలన్ వేషాలతో సహా దొరికినవన్నీ వేసిన కుర్రాడతను. ఆ బిరుదు చాలా ఏళ్ళ తర్వాతది. 1983 అక్టోబర్‌లో టికెట్ కొన్నవాడికి దాని సంగతి ఏం తెలుసు?

ఈ జబ్బు పత్రికలు అంటించిందే. ఒక సినిమా పేజీ ఎడిటరు, హాలు సగం ఖాళీగా ఉందని నేను రాసిన పేరా కొట్టేసి 'మరపురాని ఆణిముత్యం' అని తగిలించాడు. ఆ పేజీ ఇప్పటికీ దాచుకున్నాను, కోపం చల్లారకుండా. ఇప్పుడు చూస్తే అందరికీ టాప్ టెన్ జాబితాలే కావాలి.

నువ్వు అఫ్జల్‌గంజ్ లైబ్రరీకి వెళ్ళు. ఉద్యోగం లేని రోజుల్లో నేను అక్కడే కూర్చునేవాణ్ణి, కొంత పాత పేపర్ల కోసం, కొంత ఫ్యాన్ గాలి కోసం. సినిమా ప్రకటనలు వారం వారానివి పక్కపక్కన పెట్టుకో. మొదటి వారం ఉన్న హాళ్ళలో రెండో వారానికి ఏవి మాయమయ్యాయి? కొత్తగా ఏ ఊళ్ళు చేరాయి? 'దిగ్విజయంగా' అన్న మాట వదిలేసి హాళ్ళ పేర్లు చదువు. వంద రోజులు ఒకే హాల్లో ఆడిందా, షిఫ్టింగులతో, అంటే హాళ్ళు మారుతూ ఆడిందా, అది చిన్నక్షరాల్లో ఉంటుంది. నిర్మాత దాచాలనుకున్నది కూడా చాలాసార్లు ఆ ప్రకటనలోనే దొరికిపోయేది. ఒక మధ్యాహ్నమంతా ఇలా చూస్తూ కూర్చుంటే లైబ్రరీ అటెండరు నన్ను పంపిణీదారుడి గుమస్తా అనుకున్నాడు. అప్పటి నా చొక్కా చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారులే.

ఇంకొకటి. హైదరాబాద్‌లో ఉండి 1980 గురించి రాస్తూ 'మా భూమి' సినిమాని ఎలా వదిలేశావు? తెలంగాణ రైతాంగ పోరాటం మీద బెంగాల్ నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్ తీసిన మొదటి ఫీచర్ సినిమా అది. బి. నరసింగరావు నిర్మాత. 'బండెనక బండి కట్టి' అని గద్దర్ పాడుతుంటే, మన యాసను తెర మీద ఎక్కువగా నవ్వులాటకే విన్నవాళ్ళు ఏమై ఉంటారో ఊహించు. ఊహించడమెందుకు, చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు, వెళ్ళి అడుగు.

మీ నాయనమ్మ సాగర సంగమం సెకండ్ షో చూసి, బస్సు దొరక్క నడిచొచ్చిందని రాశావు. వ్యాసం మొత్తంలో నీకే తెలిసిన సంగతి అదొక్కటే, బాగుంది. దాన్ని తీసుకెళ్ళి బ్రాకెట్లలో పెట్టావు! ఆమెను కూర్చోబెట్టి అడుగు. ఏ హాలు, ఏ క్లాసు టికెట్, పక్కన ఎవరు, ఇంటర్వెల్లో ఎవరైనా లేచి వెళ్ళిపోయారా, ఇంట్లో ఏం చెప్పి బయల్దేరింది. ఆమె తేదీ తప్పు చెప్తే పేపర్లో సరిచూసుకో, మాట మాత్రం మార్చకు.

పబ్లిషర్ల సంగతి అడిగావు. ముందు ఇది మళ్ళీ రాసి పంపు. 'స్వర్ణయుగం' అన్న మాట కనిపిస్తే అక్కడే చదవడం ఆపేస్తాను.

ఉంటాను,
చిక్కడపల్లి నుంచి మీ మాస్టారు