రోల్ కేజ్ మెయిన్ హూప్ 6 మి.మీ. లోపలికి లాక్కుని, డోర్ బార్లు కూర్చోకపోతే

రోల్ కేజ్ అంటే కారు బోల్తా పడినా లోపలివాళ్లని కాపాడే పైపుల చట్రం. అందులో సీట్ల వెనక నిలబడే పెద్ద వంపు పైపు మెయిన్ హూప్, తలుపుల పక్కన వచ్చేవి డోర్ బార్లు. హూప్ లోపలికి వచ్చి ఆ బార్లు సరిపోవట్లేదంటే, మీ కొలత తప్పు కాదు, వరస తప్పు. డోర్ బార్లు పెట్టకముందే డయాగొనల్‌ని (హూప్ లోపల ఏటవాలుగా వేసే పైపు) ఫుల్ వెల్డ్ చేసేశారు, వెల్డ్ చల్లారుతూ ముడుచుకుంటుంది కాబట్టి హూప్‌ని తనవైపు లాగేసుకుంది.

1. ఆ డయాగొనల్ కోసి తీసేయండి. హూప్ చాలావరకు వెనక్కి వస్తుంది, మిగిలింది కాళ్ల మధ్య జాకీ పెట్టి మెల్లగా తోయండి. కోసిన ముక్కని అతికించొద్దు, కొత్త పైపే వేయండి.

2. చివరి బార్ దాకా అంతా టాక్‌లతోనే (చిన్న చుక్కల్లాంటి వెల్డ్‌లు) నిలబెట్టండి. జాయింట్‌కి 4, ఎదురెదురుగా. నాచ్‌లో (ఇంకో పైపు మీద కూర్చునేలా పైపు చివర గుండ్రంగా కోసిన చోట) గ్యాప్ 1 మి.మీ. దాటితే వెల్డ్‌తో పూడ్చకండి, పైపు మళ్లీ కోయండి.

3. అందరూ మర్చిపోయేది ఇది: రూఫ్ వైపు వెల్డ్. కాళ్లు ఫ్లోర్‌కి అతికించాక పైన వెల్డింగ్ టార్చ్ దూరదు. అందుకే మొదట, కేజ్ కాళ్లకీ ఫ్లోర్‌కీ మధ్య పెట్టిన ఇనుప బాక్స్‌లు తీసి కేజ్‌ని కిందికి దించండి, పైన చెయ్యి పట్టేంత సందు వస్తుంది, పై జాయింట్లు చుట్టూ పూర్తిచేసి, మళ్లీ లేపి, అప్పుడు బాక్స్‌లు పెట్టి కాళ్లు వెల్డ్ చేయండి. నా మొదటి కేజ్ సీట్లో కూర్చుని చూస్తే అద్భుతంగా ఉండేది, పైన చిన్న అద్దం పెట్టి చూస్తే సగం జాయింట్లలో ఉత్త పైపే!

4. ఫుల్ వెల్డ్ ఎడమ ఒకటి, కుడి ఒకటి, కొంచెం కొంచెంగా. మధ్యమధ్యలో మూల నుంచి మూలకి టేపు పట్టండి.

బ్యాటరీ తీసేయండి, కారు అద్దాల మీద తడి గుడ్డ కప్పండి. అందం కోసం వెల్డ్‌ని గ్రైండ్ చేయకండి, బలం పోతుంది.