పిల్లలతో శాలిహుండం: కొండ మీద ఏం చేయించాలి

విశాఖ నుంచి పలాస వెళ్తూ, ఎనిమిదేళ్లు, పన్నెండేళ్ల పిల్లలతో శ్రీకాకుళం దగ్గర ఓ పూట ఆగడానికి కొండా ఏరూ చరిత్రా ఒకేచోట ఉన్నదేదో చెప్పమన్నారు. శాలిహుండం వెళ్లండి. శ్రీకాకుళం నుంచి సుమారు 18 కిలోమీటర్లు, గార మండలం, వంశధారకు దక్షిణపు ఒడ్డున చిన్న కొండ. దాని మీద వెయ్యేళ్లకు పైగా బౌద్ధులు నివసించారు. 1919లో ఈ శిథిలాలను గుర్తించింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఎవరి పుట్టినరోజునో అడిగి, పిల్లలకు ఆయన పేరు అక్కడే చెప్పండి.

పెందరాళే, ఎనిమిదిలోపు కొండ కింద ఉండాలి. పైన నీడ తక్కువ. పదిన్నర దాటితే ఇటుక వేడెక్కుతుంది, పిల్లలు దిగిపోదామంటారు. మనిషికి లీటరు నీళ్లు, టోపీలు, మడమ కప్పే బూట్లు, ఒక టేపు, నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకెళ్లండి. తిండి దిగాకే. పైన మెతుకులు పడితే చీమలూ కుక్కలూ చేరతాయి.

మొదట స్తూపం దగ్గర ఆగండి. కొన్ని స్తూపాల కట్టడం బండిచక్రం లాంటిది: నడుమ కుండ (ఇరుసు దూరే భాగం), దాని నుంచి ఆకులు (చక్రపు పుల్లల్లాంటి అడ్డగోడలు), చుట్టూ పట్టా, మధ్య ఖాళీల్లో మట్టి. మొత్తం ఇటుకతో నింపాలంటే లెక్కలేనన్ని ఇటుకలు కావాలి. ఉత్త మట్టి పోస్తే వానకు పక్కలు ఉబ్బి విచ్చుకుంటాయి. ఆకులు ఆ బరువును పట్టి ఉంచుతాయి. ఇది చెప్పి, కనిపించినన్ని ఆకుల్ని లెక్కపెట్టమనండి.

పెద్దపిల్లకో పిల్లాడికో లెక్కల పని: గుండ్రంటి కట్టడం చుట్టూ ఒకే రకం అడుగులతో నడిచి, వచ్చిన సంఖ్యను 22తో భాగించి 7తో గుణించమనండి. 44 అడుగులొస్తే అడ్డం (వ్యాసం) 14 అడుగులు ఉండాలి. అసలు కొలతకన్నా ఎప్పుడూ ఎక్కువే వస్తుంది, ఎందుకంటే నడిచేది గోడకు కాస్త ఎడంగా. గోడకూ తమకూ ఎంత ఎడముందో అవే అడుగుల్లో కొలిచి, దానికి రెండింతలు తీసేస్తే లెక్క దగ్గరపడుతుంది. ఈ దిద్దుబాటు పిల్లలు తామే కనిపెట్టేదాకా చెప్పకండి.

తర్వాత చైత్యగృహం, అంటే బౌద్ధుల ప్రార్థనామందిరం. ఒక కొస చదరం, ఇంకో కొస గుండ్రం; దీన్నే గజపృష్ఠం, అంటే ఏనుగు వీపు ఆకారం అంటారు. చిన్నవాళ్లు బొమ్మ గీస్తే వాళ్లకే అర్థమవుతుంది. టేపుతో ఇటుక పొడవు కొలిచి, ఇంట్లో తొమ్మిదంగుళాల ఇటుకతో పోల్చమనండి. అంచు పదునుగా, రంగు ఒకేలా ఉన్నవి మరమ్మతులో పెట్టినవి కావచ్చు, వాటిని కొలిస్తే తప్పు జవాబే వస్తుంది.

గోడలెక్కనివ్వకండి. సున్నం, మట్టి కరిగిన పాత వరసలు పిల్లాడి బరువుకే జారతాయి, పైగా పురాతన కట్టడాల రక్షణకు చేసిన 1958 చట్టం కింద రక్షిత కట్టడాన్ని పాడుచేయడం నేరం. కుండపెంకు దొరికితే చూసి అక్కడే ఉంచాలి. చోటు మారితే దాని కథ పోతుంది. వానల తర్వాత ఇటుక సందుల్లో చేతులు పెట్టనివ్వొద్దు, పాములుంటాయి.

శిల్పాల్లో తార, మారీచి అనే బౌద్ధ దేవతల బొమ్మలున్నాయి. మారీచి ఉషస్సుకు దేవత. ఆమె రథాన్ని లాగేవి పందులు. బొమ్మలో కనిపించినన్ని లెక్కపెట్టమని, తిరుగుదారిలో అరసవల్లిలో సూర్యుడి గుర్రాలు ఏడున్నాయో లేదో చూడమనండి. ఈ పోలికే పిల్లలకు బాగా గుర్తుంటుందని నా నమ్మకం.

కొండ మీంచి వంశధార కనిపిస్తుంది. అది కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది, ఒకప్పుడు రేవు అదే. అక్కడికి సాయంత్రం నాలుగు తర్వాత వెళ్తే ఇసుక కాలదు. కానీ ఏరు కలిసేచోట దిగనివ్వకండి. ఇసుక మేటలు రోజురోజుకీ జరుగుతాయి, ఆటుకు ఏటి నీరు సముద్రంలోకి లాగుతుంది, మోకాలి లోతు ఒక్క అడుగులో నడుమెత్తు అవుతుంది. ఏటి మొగకు దూరంగా, చీలమండ తడిసేంతవరకే, పెద్దవాళ్లొకరు సముద్రం వైపు నిలబడి ఉండాలి. రాత్రికి పలాస చేరాలంటే ఐదున్నరకి అక్కణ్ణుంచి కదలండి.