నేరగాళ్ళ వెనుక ఇస్తాంబుల్ వీధులు

ప్రశ్న: పాత వీడియో క్యాసెట్లు సేకరించడం నా అలవాటు. అలనాటి టర్కీ క్రైమ్ సినిమాల కోసం సేకరణకర్తలు అంతగా ఎందుకు వెతుకుతారు? వాటి క్యాసెట్లు కొని మన ఊళ్ళో దాచుకోవచ్చా?
– ఒక పాఠకుడు, మహారాణిపేట, విశాఖపట్నం

జవాబు: ఇస్తాంబుల్‌లోని ఒక వీధి పేరు మీద యెషిల్‌చామ్ అని పిలిచే ఆ పరిశ్రమ 1972 ఒక్క ఏడాదిలోనే దాదాపు 300 సినిమాలు తీసింది. అంత హడావిడిగా తీసినవాటిని ఆడించాక భద్రపరచాలన్న పట్టింపు పెద్దగా లేకపోవడంతో ఎన్నో చిత్రాల నెగటివ్‌లు పోయాయి. జర్మనీకి పనికోసం వలస వెళ్ళిన టర్కీ కుటుంబాలు అద్దెకు తెచ్చుకుని చూసిన క్యాసెట్లే కొన్నింటికి ఇప్పుడు దిక్కయ్యాయి. అరిగిన క్యాసెట్‌కు కూడా గిరాకీ ఉండటానికి కారణం ఇదే.

అయితే దొరకదన్న ఒక్క కారణంతో కొనేవారి అభిరుచి మీద నాకంత గురి లేదు. లుత్ఫీ అకాద్ 1952లో తీసిన ‘కానూన్ నామినా’ చూడండి. నిజంగా జరిగిన ఒక హత్య ఆధారంగా అల్లిన ఈ కథలో, అయ్‌హాన్ ఇషిక్ పోషించిన మెకానిక్ హత్య చేసి పారిపోతుంటే, కెమెరా స్టూడియో సెట్లను వదిలి అతని వెంట అసలైన ఇస్తాంబుల్ వీధుల్లో పరుగెత్తుతుంది. అక్కడి సినిమా నాటకాల ఛాయ నుంచి బయటపడిన మలుపుగా దీన్ని చెబుతారు. ఆనాటి నగరాన్ని చూడటానికైనా ఈ చిత్రం చూడాలి.

దీనికి పూర్తిగా భిన్నమైనది యిల్మాజ్ అతాదెనిజ్ 1967లో తీసిన ‘కిలింక్ ఇస్తాంబుల్‌దా’. మన ‘గూఢచారి 116’ వచ్చిన మరుసటి ఏడాది వచ్చిన ఈ చిత్రంలో, ఇటలీ ఫొటోకథల నుంచి ఎత్తుకొచ్చిన అస్థిపంజరం దుస్తుల ప్రతినాయకుడే అసలు ఆకర్షణ. తర్కం వెతికితే నిరాశ తప్పదు (వెతకమని ఎవరూ అడగలేదు కూడా).

ఇక కొనుగోలు సంగతి. జర్మనీ, టర్కీ క్యాసెట్లు మనలాగే ‘పాల్’ (PAL) అనే టీవీ చిత్ర పద్ధతివి కనుక ఇక్కడి పాత ప్లేయర్లో ఆడతాయి. విశాఖ సముద్రపు తేమకు టేపు అంచున తెల్లటి బూజు పడుతుంది. అది కనిపించిన క్యాసెట్‌ను ప్లేయర్లో పెడితే మిగతావాటికీ అంటుకుంటుంది. పూర్తిగా రీవైండ్ చేసి, నిలువుగా, పొడిచోట ఉంచండి. డబ్బు చెల్లించే ముందు చిత్రం నిడివి ఎంత ఉందో అమ్మేవారిని తప్పక అడగండి, ఎందుకంటే సగం సన్నివేశాలు తెగిపోయిన ప్రతులు కూడా పూర్తి ధరకే అమ్ముడవుతున్నాయి.