మామకు నువ్వు రాసిన జవాబులు చదివాక

నల్గొండ
ఆదివారం రాత్రి

తమ్ముడూ,

మీ మామ ఫార్వర్డ్ చేసే మెయిళ్లకు నువ్వు రాసి, నాకు పంపిన పన్నెండు వ్యంగ్య జవాబులూ రెండుసార్లు చదివాను. మొదటిసారి బస్సులో, రెండోసారి ఇంటికొచ్చి పెన్సిల్ పట్టుకొని. నీ చేతిలో మాట ఉంది, అందులో నాకు అనుమానం లేదు. కానీ మూడోది చదివాక కోపం వచ్చింది. ఆ కోపం చల్లారక ముందే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నాగార్జునసాగర్‌ని తమ నాయకుడొక్కడే పట్టుబట్టి ఐదేళ్లలో కట్టించాడనీ, ఈ సంగతి పది మందికి పంపనివాడు ఈ గడ్డకు ద్రోహి అనీ నీ మేనమామ నలభై మంది చుట్టాలకు మెయిల్ ఫార్వర్డ్ చేశాడు. నువ్వు రిప్లై ఆల్ నొక్కావు. ఆ నలభై మందీ చూస్తుండగా ఆయన ఇంగ్లిషు స్పెల్లింగుల మీద, కళ్లద్దాల మీద, పెన్షన్ మీద ఏడు పేరాలు రాశావు. నాయకుడి గురించి ఒక్క వాక్యం లేదు. డ్యామ్ గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది, అదీ తప్పు. 1965లో శంకుస్థాపన జరిగిందని రాశావు. నెహ్రూ పునాదిరాయి వేసింది 1955 డిసెంబర్ 10న. ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టు 4న. నడుమ దగ్గర దగ్గర పన్నెండేళ్లు. ఐదేళ్లలో కట్టారన్న అబద్ధాన్ని పడగొట్టడానికి ఈ రెండు తేదీలు చాలు. నువ్వు రాసిన లెక్క ప్రకారమైతే డ్యామ్ రెండేళ్లలోనే పూర్తయినట్టు. అంటే మామ చెప్పినదానికంటే గొప్పగా కట్టించినట్టు! తిట్టే తొందరలో ఆ అబద్ధానికి నువ్వే బలమిచ్చావు.

నేను నలభై ఏళ్లుగా నమ్ముతున్న మాట ఇదొక్కటే. వ్యంగ్యం మాట మీద పడాలి, మనిషి మీద పడకూడదు. పంపినవాడి ముఖం మీద పడిందంటే అది వెక్కిరింత. వెక్కిరిస్తే ఎవడూ మనసు మార్చుకోడు, మొండికేస్తాడు.

మా చిన్నప్పుడు జాతరకు పిట్టలదొర వచ్చేవాడు. తుపాకి రాముడని కూడా అంటారు, నువ్వూ చూసే ఉంటావు. చిరిగిన ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. ఎదురుగా కూర్చున్నవాళ్లను పల్లెత్తు మాట అనేవాడు కాదు. కోతలన్నీ తన మీదనే కోసుకునేవాడు. తన మేడలెన్ని, జాగీరెంత, తను కొట్టిన పులులెన్ని, అన్నీ ఆ చినిగిన కోటులో నిలబడి చెప్పేవాడు. జనం పడీపడీ నవ్వేవారు. ఊళ్లో అచ్చం అట్లాగే కోతలు కోసే పెద్దమనిషి ఎవరో అందరికీ తెలుసు. ఎవరూ పేరు ఎత్తాల్సిన పని ఉండేది కాదు. ఎవరికీ అవమానం జరగలేదు, కానీ ఆ రోజు నుంచి ఆ కోతలు ఎవరికీ చెవికెక్కేవి కావు. నువ్వు నేర్చుకోవాల్సింది అక్కడే ఉంది. అబద్ధంతో కొట్లాడకు. దాని చెయ్యి పట్టుకొని ఇంకో నాలుగడుగులు ముందుకు నడిపించు, అదే బోర్లాపడుతుంది.

నేనైతే ఆ మూడో జవాబు ఇట్లా మొదలుపెట్టేవాణ్ణి: 'అవును మామా, నిజమే. ఆయన ఒక్కడే రాళ్లు మోస్తుంటే మా తాత చెంబుతో నీళ్లు పట్టుకొని పక్కన నిలబడ్డాడట. మిగతా కూలీలంతా చెట్టు కింద కూర్చొని ముచ్చట్లు పెట్టిన్రట. ఇరవై ఆరు గేట్లు కూడా ఆయనే భుజాన మోసుకొచ్చి ఒక్కొక్కటే బిగించిండట.' ఇందులో మామను అన్నది ఏమీ లేదు. చదివితే ఆయనే నవ్వుతాడు. నవ్వాక ఆ రాళ్లు నెత్తిన పెట్టుకొని నడిచిన మనుషులు గుర్తొస్తారు. అది రాతి కట్టడం తమ్ముడూ, చేతులతో కట్టిన డ్యామ్. మన ఊళ్ల నుంచి ఎందరు పోయి పని చేశారో ఆ మెయిల్ రాసినవాడికి పట్టలేదు. నీకైనా పట్టాలి కదా.

మన జిల్లాలో ఇంతకంటే గట్టి వ్యంగ్యం ఒకటి జరిగింది. అప్పటికి నువ్వు పుట్టలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోతున్నాయి, సాగునీళ్లు లేవు, ఎన్ని అర్జీలు పెట్టినా పట్టించుకున్నవాడు లేడు. అప్పుడు జలసాధన సమితి పిలుపు మేరకు రైతులు పోయి నామినేషన్లు వేశారు. ఎవర్నీ తిట్టలేదు, ఒక్క అద్దం పగలగొట్టలేదు. బ్యాలెట్ పేపరు పుస్తకమైంది, ఎన్నికే వాయిదా పడింది. నేను అప్పుడు టీచర్‌ని, పోలింగ్ డ్యూటీలో ఉన్నాను. ఒక ముసలవ్వ పేజీలు తిప్పీ తిప్పీ అలిసిపోయి, 'ఇంతమంది నిలవడ్డరు, నీళ్లు ఎవరిస్తరు బిడ్డా' అని అడిగింది. ఆమెకు నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత లోక్‌సభకు డిపాజిట్ 500 నుంచి 10,000కి పెంచారు. నీళ్ల కంటే ముందు డిపాజిట్ పెరిగింది. నువ్వు ఏది రాసినా ఆ 480 పేర్లు కళ్ల ముందు పెట్టుకొని రాయి. వాళ్లు ఎన్నికల నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించారు, అందుకే దేశమంతా తిరిగి చూసింది.

నా వల్ల జరిగిన ఒక తప్పు కూడా చెప్పాలి. 1980ల్లో ఇళ్లకు కార్డులొచ్చేవి. దేవుడి మహిమ రాసి, ఇది పదకొండు మందికి రాస్తే మేలు, రాయకపోతే కీడు అని ఉండేది. మీ మామ మెయిళ్లకు తాతలు అవి. నాకు మండి ఒకటి నేనే రాశాను: 'ఈ కార్డు రాయనివాడి బోరు ఎండిపోతుంది, రాసినవాడి పక్కింటి బోరు ఎండిపోతుంది.' నవ్వుకుంటారని నలుగురు మిత్రులకు పోస్టు చేశాను. రెండు నెలలకు మా వీధిలోనే ఒకామె, భర్త పోయి ఏడాది కాలేదు, పదకొండు కొత్త కార్డులు పట్టుకొని మా అరుగు మీదికి వచ్చింది. నేను రాసిన మాటలే, ఎవరి చేతుల మీదుగానో తిరిగి ఆమె దగ్గరికి చేరాయి. రెండో సగం ఎక్కడో రాలిపోయింది, భయపెట్టే సగమే మిగిలింది. తనకు రాయడం రాదు కాబట్టి రాసి పెట్టమని అడిగింది. అది నేనే రాశానని చెప్తే నమ్మలేదు. దేవుడి కార్డును పట్టుకొని అట్లా అనొద్దంది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

అందుకే చెప్తున్నాను. నువ్వు రాసింది నీ పేరు లేకుండా, నీ ముందుమాట లేకుండా, సగం తెగిపోయి ఇంకొకరి ఫోన్‌లోకి పోతుంది. నీ ఏడో జవాబులో 'కొత్త జీవో' ఒకటి తయారుచేశావు, నంబర్‌తో సహా. అది తీసెయ్. రేపు ఎవరో దాన్ని నిజమని పంపుతారు. కోత ఎంత పెద్దదంటే, సగం తెగినా కోతేనని పసిపిల్లవాడికి కూడా తెలియాలి. రెండు వేల నోటులో చిప్ ఉందని 2016లో చదువుకున్నవాళ్లే నమ్మారు, మరిచిపోకు.

నమ్మినవాళ్లను మూర్ఖులనుకోవడం ఇప్పుడు ఫ్యాషనైంది. ట్రోలింగ్ అనీ, మీమ్ అనీ. నాకది నచ్చదు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచినప్పుడు గద్వాల వైపు జనం నిజంగా వణికిపోయారు. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని ఊరూరికీ పంపి, డప్పులతో పాటలతో చెప్పించారు. భయపడ్డవాడి గడపలోకి పోయి, వాడి భాషలో చెప్పడం అంటే అది.

భాష గురించి అడిగావు కదా. ఒకప్పుడు ఒక పత్రికకు ఇట్లాంటిదే వ్యంగ్యం పంపితే, ఆ సంపాదకుడు రైతు మాటలన్నీ 'సరిచేసి' వేశాడు. 'గట్లెట్ల' తీసి 'అలా ఎలా' పెట్టాడు. రౌడీ నోట్లో మాత్రం తెలంగాణ మాట అట్లాగే ఉంచాడు. ఆ అచ్చు కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చి జవాబిచ్చాడు. తిట్టుకు తిట్టు రాయలేదు. మీ మామ నోట్లో మాట మీ మామ మాట్లాడినట్టే ఉండనియ్. దాన్ని చూసి నవ్వమని మాత్రం రాయకు.

చివరగా ఒకటి. నువ్వు జోక్ కోసం పెట్టిన ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మామ పంపిన మొదటి మెయిల్ పైన, ఆ ఫార్వర్డ్ గుర్తుల కంటే ముందు, తన మాటగా ఒక్క ముక్క రాశాడు: 'అల్లుడూ, నువ్వు చదువుకున్నోనివి, ఇది నిజమేనా చూడు.' నీకు అందులో అక్షర దోషం కనిపించింది. ఒక పెద్దమనిషి తన మేనల్లుణ్ణి నమ్మి అడిగిన మాట అది. ఇప్పుడు ఆయన మెయిళ్లు పంపడం మానేశాడనీ, నువ్వు గెలిచావనీ రాశావు. నిన్ను అడగడం మానేశాడు, అంతే. పంపేవాళ్లకు ఇంకా పంపుతూనే ఉంటాడు.

వచ్చే ఆదివారం దేవరకొండ పో. ఫోన్ చేయకు, ఇంటికే పో. మీ తాత సాగర్ పనికి పోయాడా, పోతే ఎన్నాళ్లున్నాడు, రోజుకు కూలి ఎంతిచ్చారు, మామను అడుగు. ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకో. ఆ తర్వాత మూడోది తిరగరాసి, ముందు ఆయనకొక్కడికే పంపు. నాకు తర్వాత.

నీ అన్న